స్నేహితునకు వాయిదాలపై పాత మోటారు బండి నమ్ముట: రైతు సోదరులకు కొన్ని సూచనలు

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు వ్రాయుచుండు మేము ఈ మాసమున వేరొక విషయమును గైకొంటిమి. ఇది పొలమునకు నేరుగా సంబంధించినది కాకపోయినను రైతు కుటుంబముయొక్క ధనమునకును, గ్రామమునందలి మైత్రికిని మిక్కిలి సంబంధించినది. పొందూరు చుట్టుప్రక్కల గ్రామములకు ప్రదర్శనముల నిమిత్తము మేము పోయినపుడు, పైరు మాట ముగిసిన పిమ్మట రైతులు చెప్పుకొను కష్టములలో నిది తరచుగా వినవచ్చుచున్నది. ఒకడు తన పాత కారునో, ట్రాక్టరునో, మోటారు సైకిలునో స్నేహితునకు వాయిదాలపై నమ్మును. సంవత్సరము తిరుగునప్పటికి బండి మూలబడును, బాకీ నిలిచిపోవును, ఇద్దరి నడుమ మాటలును నిలిచిపోవును.

బేరము కుదిరిన దినమున వారిద్దరును ఎట్లు మాటలాడుకొందురో మన కందరకును తెలిసినదే. అమ్మువాడు, "బావా, బండి నువ్వే తీసుకుపో. డబ్బులకేటి తొందర? పంట చేతికొచ్చాక చూసుకుందాం" అనును. కొనువాడు, "నీ సొమ్ము ఎక్కడికి పోద్ది బావా" అనును. ఈ మాటలలో కపట మేమియు లేదు. ఇద్దరును ఆ క్షణమున నిజమే చెప్పుచున్నారు. కాని ఏ పంట? ఏ తేదీ? ఎంత సొమ్ము? అంతవరకు బండి ఎవరిది? ఈ ప్రశ్నలకు ఆ మాటలలో జవాబు లేదు. జవాబు లేని ప్రశ్నకు ఎవరికి తోచిన జవాబు వారు మనసున నుంచుకొందురు. తగవు పుట్టిన దినమున ఆ రెండు జవాబులును వేరువేరుగా బయటపడును.

కావున ఈ పాఠమునందు మేము చెప్పదలచిన ముఖ్య విషయ మొక్కటియే. బండి ఏనాడు, ఏ విధముగా కొన్నవానిదైనదో ముందుగా తేల్చి వ్రాసికొనవలెను. తక్కిన సూచనలన్నియు దీనినుండి పుట్టినవే.

1. మూడు విషయములు, మూడు దినములు

సంతలో ఎడ్ల నమ్మునపుడు పగ్గము చేతులు మారును, సొమ్ము చేతులు మారును, ఎద్దు కొన్నవాని వెంట పోవును. అంతయు ఒక్క గడియలో ముగియును. మోటారు బండి విషయమట్లు కాదు. ఇందు మూడు వేరువేరు విషయములు గలవు. మొదటిది స్వాధీనము, అనగా బండి ఎవరి ముంగిట నున్నది. రెండవది పేరు, అనగా రవాణా శాఖవారి రిజిస్ట్రేషను పత్రమున, జనులు సి బుక్కు అనుదానిలో, ఎవరి పేరున్నది. మూడవది ధర, అనగా సొమ్ము పూర్తిగా చెల్లినదా లేదా. నగదునకు బండి నమ్మినయెడల ఈ మూడింటిని ఒకేవారములో ముగింపవచ్చును. వాయిదాలపై నమ్మినపుడు స్వాధీనము నేడు పోవును, ధర రెండేండ్లకు వచ్చును, పేరు ఎప్పుడు మారునో ఎవరును చెప్పరు. ఈ మూడింటి నడుమ నున్న సందులోనే తగవులు మొలచును.

2. చట్టమేమి చెప్పుచున్నది?

మన దేశమున సరకుల విక్రయమునకు 1930 సంవత్సరపు చట్టము వర్తించును. దాని ప్రకారము, ఇదిగో ఈ బండి అని నిర్ణయించి, ఇచ్చుటకు సిద్ధముగా నున్న వస్తువును ఏ షరతును లేక అమ్మినయెడల, బేరము కుదిరిన క్షణముననే అది కొన్నవానిదగును. ధర చెల్లించుట తరువాతికి వాయిదా వేసినను ఇందు భేదము లేదు. అయితే ఉభయుల ఉద్దేశము వేరుగా నున్నయెడల, ఆ ఉద్దేశమే చెల్లును. ఇంకొక సంగతి గలదు. సొమ్ము ముట్టని అమ్మకందారునకు వస్తువును తనయొద్ద నాపుకొను హక్కు గలదు గాని, దానిని ఒకసారి కొన్నవాని కప్పగించిన పిమ్మట ఆ హక్కు పోవును. అటుపై ధర కొరకు దావా వేయవచ్చునేగాని, బండి నాదేయని చెప్పుటకు వీలుండదు.

"సొమ్మంతయు ఇచ్చువరకు బండి నాదే కదా" అని మనలో అనేకు లనుకొందురు. వ్రాతలో అట్లు లేనియెడల, చట్టము సాధారణముగా అట్లు చెప్పదు. ఇది రైతులు మొదట గ్రహింపవలసిన విషయము.

వాయిదాల విక్రయమునకును, అద్దె-కొనుగోలు పద్ధతికిని గల భేదము ఇంగ్లండు దేశమున 1895లో ఒక పియానో వాద్యముపై వచ్చిన వ్యాజ్యమున స్పష్టమైనది. వర్తకు డొకడు పియానోను నెలకింత అని 36 నెలల అద్దెకిచ్చెను. అద్దె లన్నియు చెల్లినపిమ్మట అది పుచ్చుకొన్నవానిదగునని కరారు. అంతవరకు వర్తకునిదే. వలదనుకొన్న యెడల ఎప్పుడైనను తిరిగి యిచ్చివేయవచ్చును. పుచ్చుకొన్నవాడు కొలది నెలలలోనే దానిని తాకట్టు దుకాణమున నుంచి సొమ్ము తెచ్చుకొనెను. వర్తకుడు దావా వేయగా, ప్రభువుల సభవారు పియానో వర్తకునిదే యనిరి. పుచ్చుకొన్నవాడు కొనితీరవలెనను కట్టుబాటులో లేడనుటయే కారణము. అంతకు రెండేండ్ల ముందు, 1893లో, సామానులపై వచ్చిన ఇట్టి వ్యాజ్యమున కొనువాడు సొమ్మంతయు చెల్లింప కట్టుబడి యుండెను గాన, అతనివలన నమ్మికతో కొన్న మూడవవాడే గెలిచెను. రెండు కరారులును పైకొకటిగానే కనబడును. కాగితముమీది ఒక్క వాక్యము వేరగుటచే ఫలితము తారుమారైనది.

3. పేరు మార్పకుండుటలోని అపాయము

సొమ్ము పూర్తిగా రాలేదు గనుక రిజిస్ట్రేషను పత్రమున తనపేరే యుంచుకొనుట క్షేమమని అమ్మినవాడు తలంచును. మా అభిప్రాయమున ఇంతకంటె అపాయకరమైన తలంపు వేరొకటి లేదు.

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున యజమాని యనగా ఎవరి పేర బండి రిజిస్టరై యున్నదో ఆ వ్యక్తి. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టువారు తీర్చిన వ్యాజ్యము నిందుకు దృష్టాంతముగా చెప్పవచ్చును. ఒక వ్యక్తి 2007లో తన కారు నమ్మెను. కొన్నవాడు మరొకనికి, అతడు వేరొకనికి అమ్మిరి. పత్రమున మాత్రము మొదటివాని పేరే యుండెను. 2009 మే నెలలో ఆ కారు వెనుకకు వచ్చుచు ఒక స్త్రీకిని బాలునకును తగిలెను, బాలుడు మరణించెను. కారును ఏనాడో అమ్మివేసితినని మొదటివాడు చెప్పుకొనెను. అయినను పత్రమున పేరున్నవాడే చట్టము దృష్టిలో యజమాని యనియు, నష్టపరిహారమునకు బాధ్యు డతడే యనియు సుప్రీంకోర్టువారు తీర్మానించిరి. బాధితులు చేతులు మారిన బండి వెంట ఒకరి తరువాత నొకరిని వెదకుకొనుచు తిరుగవలసిన పని లేదని వారి భావము.

ఈ తీర్పును మన గ్రామమునకు అన్వయించి చూడుడు. రెండేండ్ల క్రితము అమ్మిన ట్రాక్టరు, కొన్నవాని పాలేరు నడుపుచుండగా, ఆమదాలవలస దారిలో ఒకని ప్రాణము తీసినదనుకొనుడు. బీమా గడువు దాటియున్నదనుకొనుడు. అప్పుడు వచ్చు నోటీసు అమ్మినవాని ఇంటికే వచ్చును. రావలసిన బాకీ నలువది వేలుండవచ్చును. మెడకు చుట్టుకొను పరిహారము లక్షలలో నుండవచ్చును. రహదారి చలానాలును అతని ఫోనునకే వచ్చుచుండును.

మరియొక చెడ్డ అలవాటు గలదు. తేదీ వేయని 29, 30 సంఖ్యల ఫారములపై సంతకము చేసి కొన్నవానిచేత పెట్టి, "నీకు వీలైనపుడు మార్చుకో" అనుట. అతడు మార్చుకొనడు. కొన్నాళ్లకు ఆ కాగితములతోనే బండిని మరియొకని కప్పగించును. ఆ మూడవవానిని అమ్మినవాడు చూచియైన నుండడు.

చట్టప్రకారము అదే రాష్ట్రములో నమ్మినపుడు అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా శాఖకు తెలియజేయవలెను. ఇద్దరును కలిసి ఒకేదినమున ఈ పని చేసికొనుట యుత్తమము.

4. పేరు మార్చియు హామీ నిలుపుకొను మార్గము

పేరు మార్చినయెడల సొమ్మునకు హామీ యేమి యని అమ్మువా డడుగును. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి చట్టమునందే జవాబు గలదు.

పట్టణమున బ్యాంకులవారు బండి అప్పు ఇచ్చునపుడేమి చేయుదురో చూడుడు. బండి రైతు పేరనే రిజిస్టరగును. కాని పత్రమున ఆ బ్యాంకు పేరును హైపోథికేషను క్రింద వ్రాయుదురు. హైపోథికేషను అనగా వస్తువు బాకీపడినవాని చేతనే యుండగా దానిని బాకీకి హామీగా నుంచుట. బండి చేతులు మారినపుడు క్రొత్త యజమాని ఏ వ్యక్తితోనైనను అట్టి కరారు చేసికొన్నయెడల దానిని పత్రమున నమోదు చేయవలెనని మోటారు వాహనముల చట్టమున నున్నది. బ్యాంకుతోనే యని లేదు. ఇందుకు 34 సంఖ్య ఫారమున ఇద్దరును సంతకము చేయుదురు. నమోదు చేయించుటకు కావలసిన కాగితములను ముందుగనే శ్రీకాకుళమునందలి రవాణా శాఖ కార్యాలయమున విచారించుకొనవలెను.

ఇందువలన లాభములు రెండు. అమ్మినవాని వ్రాతపూర్వకమైన అంగీకారము లేక బండి మూడవవాని పేరునకు మారదు. ఇదియే అతనికి హామీ. ఇక ప్రమాదమేదైన జరిగినయెడల, అట్టి కరారు క్రింద బండిని స్వాధీనమున నుంచుకొన్నవాడే యజమాని యని చట్టము చెప్పుచున్నది. ఆ విధముగా బాధ్యత బండి నడుపుకొనువానిపైననే యుండును. కడపటి వాయిదా చెల్లినవెంటనే 35 సంఖ్య ఫారముపై అమ్మినవాడు సంతకముచేసి ఆ నమోదును తీసివేయింపవలెను. సొమ్ము పుచ్చుకొని సంతకమునకు త్రిప్పుట అన్యాయము.

5. బీమాయు, పాత బాకీయు

పేరు మారిన 14 దినములలో బీమా పత్రమును క్రొత్త యజమాని పేరునకు మార్పించుకొనవలెను. ఇతరులకు కలుగు నష్టమునకు బీమా ఉండితీరవలెను. అది లేక బండిని రోడ్డుపైకి తెచ్చుటయే నేరము. బీమా పత్రము పాతవాని పేరనే యుండిపోయినచో, క్రొత్తవాడు తన బండికి కలిగిన నష్టము కోరునపుడు బీమా సంస్థవారు కాదనుటకు అవకాశమిచ్చినట్లగును. వాయిదాలు నడచుచున్నంతకాలము బీమాను ఎవరు కట్టవలెనో కరారున వ్రాయుడు. బండి వాడుకొనువాడే కట్టుట న్యాయము; కట్టిన రసీదు ప్రతిని అమ్మినవానికి చూపవలెను.

బండిపై అదివరకే బ్యాంకు అప్పు ఉన్నయెడల మిక్కిలి జాగ్రత్త వలయును. "మిగిలిన కిస్తీలు నువ్వు నాకియ్యి, నేను బ్యాంకుకు కడతాను" అను ఏర్పాటు అనేక కుటుంబములను చెరచినది. కొన్నవాడు నెలనెలా ఇచ్చియు, అమ్మినవాడు బ్యాంకునకు కట్టనియెడల, బండి పోవునది కొన్నవానికి. కొన్నవాడు ఇయ్యనియెడల, చెడిపోవునది బ్యాంకువద్ద అమ్మినవాని పేరు. కావున ముందు బ్యాంకు బాకీ తీర్చి, వారివలన బాకీ లేదను పత్రము పుచ్చుకొని, పిమ్మటనే అమ్మకము జరుపవలెను. కొనువాడు ఇచ్చు బయానాను నేరుగా బ్యాంకు అప్పునకు జమకట్టించుట మంచి పద్ధతి.

6. బండిలోని లోపములు

తగవులలో సగము ఇంజనునుండి వచ్చును. రెండవ నెలలో ఇంజను పొగ విడుచును, కొన్నవాడు, "తెలిసే నాకంటగట్టినాడు" అనును, వాయిదా నిలిపివేయును. అమ్మినవాడు, "నడపడం రాక చెడగొట్టినాడు" అనును.

వర్తకుడు కాని సామాన్యుడు అమ్మిన పాత వస్తువు మంచిదే యని చట్టము సాధారణముగా పూచీపడదు. చూచి కొనుక్కొనవలసిన భారము కొనువానిదే. కాని తెలిసిన లోపమును మరుగుపరచి అమ్మినయెడల అది మోసమగును, కొన్నవాడు బేరమును రద్దుచేయ గోరవచ్చును. స్నేహితుల నడుమ దీనికి సులువైన మార్గమున్నది. బేరమునకు ముందు ఇద్దరికిని నమ్మకమైన మెకానికునకు బండిని చూపుడు. అతడు చెప్పిన లోపములను, మీటరుపై నున్న అంకెను, టైర్ల స్థితిని కాగితముపై వ్రాసి ఇద్దరును సంతకము చేయుడు. "ఈ లోపములు తెలిసియే కొనుచున్నాను" అని ఒకరు, "ఇవి గాక నాకు తెలిసిన లోపము వేరొకటి లేదు" అని ఒకరు వ్రాయుడు. అమ్మినవాడు ఇష్టపడినచో మొదటి నెలలో ఇంజను లోపలిభాగము చెడినయెడల ఖర్చు చెరిసగ మని షరతు వ్రాసికొనవచ్చును.

ఒక్కటి జ్ఞాపకముంచుకొనవలెను. మరమ్మతునకు తగాదా వచ్చినప్పుడు వాయిదా మొత్తమును బిగపట్టుట పరిష్కారము కాదు. వివాదమున్న సొమ్మును వేరుగా లెక్కచూపి, వివాదము లేని సొమ్మును గడువునకు చెల్లించినవానికి పెద్దలయెదుటను న్యాయస్థానమునందును మాట చెల్లును.

7. వాయిదాలను పంటతో ముడివేయుడు

పట్టణపు ఉద్యోగికి నెలజీతము వచ్చును గాన నెలసరి వాయిదా తగును. రైతునకు సొమ్ము వచ్చునది సంవత్సరమున రెండు పర్యాయములు. మన ప్రాంతమున వరి నూర్పులై ధాన్యము అమ్ముడుపోవునప్పటికి సంక్రాంతి దాటును; పిమ్మట వేసిన మినుము, పెసర ఇంటికి చేరునది ఉగాది వేళకు. రైతునకు నెలసరి వాయిదా పెట్టినయెడల జూన్, జూలై మాసములలో, విత్తనములకును ఊడ్పులకును ఖర్చుండు వేళ, అతడు తప్పక మాట తప్పును. అందు వాని దోషముకంటె కరారు దోష మెక్కువ.

ఒక లెక్క చూతము. బండి ధర రూ. 2,10,000. జనవరి 31న బయానా రూ. 90,000 చెల్లెను. బాకీ రూ. 1,20,000. వడ్డీ నెలకు నూటికి ఒక రూపాయి. వాయిదాలు: ఏప్రిల్ 30న రూ. 30,000, మరుసటి జనవరి 31న రూ. 60,000, ఆపై ఏప్రిల్ 30న రూ. 30,000.

నిలువ బాకీపై మాత్రమే వడ్డీ కట్టినయెడల: మొదటి 3 నెలలకు 1,20,000పై రూ. 3,600, తరువాతి 9 నెలలకు 90,000పై రూ. 8,100, కడపటి 3 నెలలకు 30,000పై రూ. 900. మొత్తము వడ్డీ రూ. 12,600.

మొదటి బాకీ మొత్తముపైననే 15 నెలలకు వడ్డీ కట్టినయెడల రూ. 18,000 అగును. భేదము రూ. 5,400. రెండు విధములను జనులు "రూపాయి వడ్డీ" అనియే యందురు. ఒకరు ఒక విధమును, ఇంకొకరు రెండవ విధమును మనసున నుంచుకొన్నారనుకొనుడు. కడపటి దినమున ఈ రూ. 5,400ల కొరకు ఇరువది యేండ్ల స్నేహము పోవును. కావున వడ్డీ రేటు వ్రాసిన చాలదు. పై విధముగా ప్రతి వాయిదాకును అసలింత, వడ్డీ యింత యని పట్టిక వ్రాసి కరారునకు జతచేయవలెను. వర్షములు తప్పి పైరు పోయినయెడల ఎన్ని నెలలు గడువీయవలెనో అదియు ముందే వ్రాసికొనుట మేలు.

సొమ్మును బ్యాంకు ఖాతా ద్వారా చెల్లించుట మంచిది. ఒకే వ్యవహారమునకు సంబంధించి రెండు లక్షల రూపాయలు గాని అంతకు పైబడి గాని నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను చట్టమున 2017 ఏప్రిల్ 1 నుండి నియమము గలదు. వాయిదాలుగా వచ్చినను వ్యవహార మొక్కటియే గాన పై లెక్కలోని బండికిని ఇది వర్తించును. తప్పినచో పుచ్చుకొన్నవాడు ఆ సొమ్మునకు సమానమైన జరిమానాకు లోనగును.

నూలును తూచి లెక్క వ్రాసికొనుట మన పొందూరునకు క్రొత్త గాదు. సన్నఖద్దరునకు పేరుపొందిన ఊరిలో వడకినవారికిని నేసినవారికిని లెక్క పుస్తకము విలువ యెవరును చెప్పనక్కరలేదు. లెక్క వ్రాయుట అవతలివానిని అనుమానించుట కాదు. ఇద్దరి జ్ఞాపకములును ఒకటిగా నుంచుట.

8. వాయిదా తప్పినప్పుడు

మొదట చేయవలసినది మాటలాడుట. వాయిదా తప్పు నని ముందే తెలిసిన కొనువాడు, గడువునకు ముందే పోయి చెప్పవలెను. మొగము చాటువేయుటచేతనే అనుమానము పెరుగును.

రాత్రివేళ పోయి బండిని తోలుకొనివచ్చుట కూడదు. బండి చట్టప్రకారము కొన్నవానిదైన పిమ్మట అట్లు తెచ్చినవాడు దొంగతనము కేసున చిక్కుకొనవచ్చును. పెద్ద బ్యాంకులే బలవంతులను పంపి బండ్లను లాగుకొనరాదని సుప్రీంకోర్టువారు 2007లో హెచ్చరించియున్నారు. మనబోటివారి మాట చెప్పనేల? కొన్నవాడు సమ్మతించి వ్రాసి యిచ్చిననే బండిని తిరిగి పుచ్చుకొనవలెను. లేనియెడల న్యాయస్థానమే దిక్కు.

బండి తిరిగి వచ్చినపుడు అంతవరకు చెల్లిన సొమ్మంతయు మునిగినదను షరతు కొందరు వ్రాయుదురు. కాంట్రాక్టు చట్టప్రకారము కోర్టువారు సహేతుకమైన నష్టము మాత్రమే ఇప్పింతురు. కావున బండి వాడుకొన్న నెలలకు నెల కింత యనియు, కొత్తగా కలిగిన నష్టమునకు ఇంత యనియు తగ్గించి, మిగిలినది తిరిగి యిచ్చునట్లు వ్రాసికొనుట ఇద్దరికిని న్యాయము.

బాకీ కొరకు దావా వేయుటకు గడువు సాధారణముగా మూడు సంవత్సరములు. ఒక వాయిదా తప్పిన సొమ్మంతయు ఒక్కసారిగా చెల్లింపవలెనను షరతున్నచో, ఆ మూడేండ్లు మొదట తప్పిన నాటినుండియే మొదలు కావచ్చును. మొగమాటముచే నాలుగేండ్లూరకున్నవానికి హక్కు చచ్చిపోవును. గడువు లోపల కొంత చెల్లించి, చెల్లించినట్లు బాకీదారుడు తనచేతితో వ్రాసి గాని సంతకము చేసి గాని యిచ్చినయెడల గడువు మరల మొదలగును.

చెక్కు పుచ్చుకొన్నవారు, అది చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 దినములలో నోటీసు పంపవలెను. నోటీసు చేరిన 15 దినములలో సొమ్ము రానియెడల, ఆపై ఒక మాసములోగా ఫిర్యాదు చేయవలెను. అంకె వేయని చెక్కుపైనను, ఖాళీ కాగితముపైనను సంతకము చేయుట మాత్రము ఎంత స్నేహితునకైనను తగదు.

దావాకు ముందే తగవును లోక్ అదాలతునకు తీసికొనిపోవచ్చును. శ్రీకాకుళమునందలి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొన్నచో ఉభయులను పిలిపించి రాజీకి ప్రయత్నింతురు. అచ్చట కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలముండును, దానిపై అప్పీలు లేదు. ఇద్దరును మన సంఘ సభ్యులైనను, ఇట్టి సొంత వ్యవహారమును తీర్చు అధికారము సహకార సంఘమునకు లేదని సభ్యులు గ్రహింపవలెను. సంఘ వ్యవహారములకు సంబంధించిన వివాదములు వేరు, ఇవి వేరు.

9. బ్రతుకు నమ్మరానిది

ఒక విషయమును తలచుటకు మనకు మనసొప్పదు గాని చెప్పక తప్పదు. వాయిదాలు నడచుచుండగా ఇద్దరిలో నొకరు మరణింపవచ్చును. అమ్మినవాడు పోయినచో, అతని భార్యకు ఎంత వచ్చినదో, ఎంత రావలెనో తెలియదు. కొన్నవాడు పోయినచో, అతని పిల్లలకు తండ్రి చెల్లించిన సొమ్మునకు సాక్ష్యముండదు. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు బాకీకి బాధ్యులే. కాని ఏ బాకీకి? నోటిమాట నీటిమూట, మాటాడిన వాడు పోయిన తరువాత మూట విడిపోవును. కావున కరారు రెండు ప్రతులు వ్రాసి, ఒక్కొక్కరి ఇంట నొకటి, ఇంటివారికి తెలిసిన చోట నుంచవలెను. ప్రతి చెల్లింపును రెండు ప్రతుల వెనుకను వ్రాసి ఇద్దరును సంతకము చేయవలెను.

10. కరారునకు మాదిరి

తగిన స్టాంపు కాగితముపై ఈ క్రింది విధముగా వ్రాసికొనవచ్చును. పెద్ద మొత్తమైనచో న్యాయవాదికి చూపుట మంచిది.

"_____ తేదీని _____ గ్రామ కాపురస్థుడైన _____ (అమ్మువాడు), _____ గ్రామ కాపురస్థుడైన _____ (కొనువాడు) ఉభయులమును సమ్మతించి వ్రాసికొనిన కరారు.

ఒకటి. _____ నెంబరు, _____ ఇంజను నెంబరు, _____ ఛాసిస్ నెంబరు గల బండిని రూ. _____లకు అమ్మువాడు అమ్మెను, కొనువాడు కొనెను. బయానా రూ. _____ బ్యాంకు ద్వారా ముట్టినది.

రెండు. నేడు _____ గంటలకు బండిని స్వాధీనము చేయడమైనది. అప్పటినుండి ప్రమాదములు, చలానాలు, పన్నులు, బీమా, మరమ్మతులు కొనువానివి. అంతకు ముందటివి అమ్మువానివి.

మూడు. 14 దినములలో ఉభయులమును కలిసి పేరు మార్పించుకొని, బాకీ తీరువరకు అమ్మువాని పేర హైపోథికేషను నమోదు చేయింతుము.

నాలుగు. మిగిలిన బాకీ రూ. _____ను జతచేసిన పట్టిక ప్రకారము చెల్లింతును. వడ్డీ నిలువ బాకీపై మాత్రమే.

ఐదు. బండి లోపములు జతచేసిన జాబితాలో నున్నవి. అవి తెలిసియే కొనుచున్నాను.

ఆరు. బాకీ తీరువరకు అమ్మువాని వ్రాతపూర్వక సమ్మతి లేక బండిని అమ్మను, తాకట్టు పెట్టను.

ఏడు. వాయిదా తప్పినచో _____ దినముల గడువు. అప్పటికిని చెల్లనియెడల, కొనువాడు బండిని తిరిగి యిచ్చుట కిష్టపడినచో, నెలకు రూ. _____ వాడకము క్రింద తగ్గించి లెక్క తేల్చుకొందుము. బలవంతపు చర్య ఏదియు చేయము.

ఎనిమిది. కడపటి వాయిదా ముట్టిన 7 దినములలో అమ్మువాడు నమోదు తీసివేయు ఫారముపై సంతకము చేయును."

దీని క్రింద ఉభయుల సంతకములును, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండవలెను.

11. ముగింపు

ఇంత వ్రాత స్నేహితుల నడుమ ఎందులకని కొంద రనవచ్చును. అపరిచితునకు అమ్మినపుడు మనము సహజముగనే జాగ్రత్తపడుదుము. తగవు వచ్చినను సొమ్ము మాత్రమే పోవును. స్నేహితునితో తగవు వచ్చినపుడు సొమ్ముతోపాటు మనుష్యుడును పోవును. పెండ్లికి పిలుపుండదు, నూర్పునాడు సాయముండదు, ఒకే కాలువ నీటిపై నాధారపడిన రెండు కుటుంబములు ఒకరి మొగమొకరు చూచుకొనవు. కావున వ్రాత స్నేహితుల నడుమనే ఎక్కువ అవసరము.

దీనికంటెను మేలైన పద్ధతి యొకటి గలదు. కొనువాడు తన ఆదాయమునకు తగిన అప్పును తన సహకార సంఘమునందో బ్యాంకునందో నియమప్రకారము దొరకునేమో ముందు విచారించి, దొరకినచో స్నేహితునకు ధరనంతయు ఒక్కసారి చెల్లించి, వాయిదాలను సంస్థకు కట్టుకొనుట. సంస్థకు కోపముండదు, పొట్టేలు పండుగకు పిలువలేదని అలుక యుండదు. లెక్క మాత్రమే యుండును. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చుటకు గల ముఖ్య కారణములలో, రైతు అవసరమునకు ఇరుగుపొరుగువారి దయపైనను, వడ్డీ వ్యాపారి దయపైనను ఆధారపడకుండుట యొకటి. అప్పు దొరకనియెడల, ఏ సంస్థయు నమ్మి ఇయ్యని సొమ్మును స్నేహితుడు మాత్రము ఎట్లు నమ్మి ఇయ్యగలడో ఇద్దరును నిదానించి ఆలోచించుకొనవలెను. బండి లేక యొక యేడు గడచును. అరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్ద లూరక యనలేదు.

ఇప్పటికే మాటమీద బండి నమ్మినవారును, కొన్నవారును ఈ పాఠమును చదివిన పిమ్మట చింతింప పనిలేదు. ఈ వారముననే ఇద్దరును కూర్చుండి, ముట్టినదెంతో, మిగిలినదెంతో తేల్చి పై మాదిరిని కరారు వ్రాసికొనుడు. రవాణా శాఖ కార్యాలయమునకు కలిసి పోయి పేరు మార్పించుకొనుడు. ఇద్దరికిని ఇంకను మాటలున్నప్పుడే ఈ పని సులువుగా జరుగును.